డ్రాయింగ్‌లో ఉన్నాడు, రిపోర్టులో లేడు: భూగర్భ డ్రైనేజీ ‘సుస్థిరత’ ఎవరి లెక్కన?

మ్యాన్‌హోల్ డ్రాయింగ్‌ను ఎప్పుడైనా దగ్గరగా చూశారా? మున్సిపాలిటీల భూగర్భ డ్రైనేజీ ప్రాజెక్టు నివేదికల చివర అలాంటి డ్రాయింగులు కొన్ని ఉంటాయి. నిలువుగా కోసి చూపించిన గొయ్యి, అడుగున సగం పైపులాంటి కాల్వ, పైన గుండ్రటి మూత. లోపలి గోడకు సుమారు అడుగుకొకటి చొప్పున మెట్లు. మూత తీస్తే వచ్చే సందు వెడల్పు దాదాపు 56 సెంటీమీటర్లు. మనిషి భుజాలు పట్టేంత.

మురుగునీరు పారడానికి మెట్లు అక్కర్లేదు. గాలి పోవడానికి అంత సందూ అక్కర్లేదు. ఎప్పుడో ఒకరోజు ఇందులోకి మనిషి దిగుతాడని గీసిన ఇంజనీరుకు ముందే తెలుసు. అందుకే మెట్లు పెట్టాడు.

అదే నివేదికలో రాతభాగం తిరగేయండి. పైపు ఎన్నేళ్లు మన్నుతుంది, పంపులకు కరెంటు ఎంత కాలుతుంది, ఎన్ని చెట్లు కొట్టాలి, శుద్ధి చేసిన నీళ్లు ఎక్కడికి వదులుతారు, అన్నీ ఉంటాయి. ‘సుస్థిర పట్టణాభివృద్ధి’ అనే మాట పదేపదే వస్తుంది. దిగే మనిషి మాత్రం కనబడడు. ఆయన పేరు, కులం, జీతం, ప్రాణం ఏ పట్టికలోనూ ఉండవు.

2021 ఆగస్టులో హైదరాబాద్ ఎల్బీ నగర్ దగ్గరి సాహెబ్‌నగర్‌లో రాత్రిపూట మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు కాంట్రాక్టు కార్మికులు చనిపోయారు. ఒకరి శవం కోసం రోజుల తరబడి వెతకాల్సి వచ్చింది. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా మనం నష్టపరిహారం అడుగుతాం, కాంట్రాక్టర్‌పై కేసు పెట్టమంటాం. అవి అడగాల్సిందే. అయితే ఆ చావుకు కావలసిన పరిస్థితులు చాలావరకు ఏళ్ల ముందే, ప్రాజెక్టు నివేదిక రాసిన టేబుల్ మీదే తయారవుతాయి. ఒక సివిల్ ప్రాజెక్టు సుస్థిరమైనదా కాదా అని తేల్చే పద్ధతిలోనే ఆ లోపం ఉంది. అది ఎక్కడుందో, ఎలా పట్టుకోవాలో ఇక్కడ చూద్దాం.

మూడు కాళ్ల పీట

సుస్థిరత అనే మాటకు ఇప్పుడున్న అర్థం 1987లో ఐక్యరాజ్యసమితి తరఫున పనిచేసిన బ్రంట్‌లాండ్ కమిషన్ నివేదికతో స్థిరపడింది. ఇప్పటివాళ్ల అవసరాలు తీరాలి, తర్వాతి తరాల అవసరాలకు గండి పడకూడదు అన్నది దాని సారాంశం. తర్వాతి కాలంలో దీన్ని మూడుగా విడగొట్టి చూడడం అలవాటైంది: పర్యావరణం, ఆర్థికం, సామాజికం.

మొదటి రెండింటికీ కొలబద్దలు గట్టిగానే తయారయ్యాయి. పర్యావరణానికి 2006 నాటి ప్రభావ అంచనా నోటిఫికేషన్ ఉంది, కార్బన్ లెక్కలు ఉన్నాయి. ఆర్థికానికి ‘జీవితకాల వ్యయం’ అనే పద్ధతి ఉంది. కట్టడానికి అయ్యే ఖర్చుతో ఆగకుండా, నడపడానికి, మరమ్మతుకు, చివరికి తీసి పారేయడానికి అయ్యేదంతా కలిపి చూస్తారు. మంచి పద్ధతే. టెండర్‌లో చవగ్గా కనిపించిన పైపు ఇరవై ఏళ్లలో ఎంత ఖరీదు పడుతుందో బయటపెడుతుంది.

మూడో కాలే పొట్టిది. సామాజిక ప్రయోజనం అనే చోట సాధారణంగా కనిపించేది ఎన్ని ఇళ్లకు కనెక్షన్ ఇస్తామనే అంకె. బ్రిటన్‌లో 2003లో వచ్చిన సీక్వల్, అమెరికాలో 2012లో వచ్చిన ఎన్విజన్ లాంటి రేటింగ్ పద్ధతులు ఈ కాలును కొంత పొడిగించాయి. ఎన్విజన్‌లో నిర్మాణ సమయపు కార్మిక భద్రతకు కూడా పాయింట్లు ఉన్నాయి. కానీ కులం అనే గడి వీటిలో లేదు. అవి పుట్టిన దేశాలను బట్టి చూస్తే ఆశ్చర్యమేమీ లేదు. మనం దిగుమతి చేసుకున్నప్పుడు కూడా ఆ గడి చేర్చుకోకపోవడమే ఆశ్చర్యం. అమెరికా బయట లీడ్ ప్లాటినం రేటింగ్ పొందిన మొదటి భవనం హైదరాబాద్‌లోనే ఉంది, 2003లోనే వచ్చింది. ఆ ముచ్చట తరచూ వింటుంటాం. అదే నగరపు మ్యాన్‌హోళ్లను కొలిచే రేటింగ్ గురించి మేం ఎక్కడా వినలేదు.

నీళ్లు చాలకపోతే మనిషి దిగుతాడు

ఇక్కడ కాస్త ఇంజనీరింగ్ తెలుసుకోవాలి. విద్యార్థులు ఈ భాగాన్ని దాటేయవద్దు. అధికారులతో మాట్లాడేటప్పుడు మనకు పనికొచ్చేది ఇదే.

మన దేశంలో డ్రైనేజీ డిజైన్‌కు కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ కింది సీపీహెచ్‌ఈఈవో సంస్థ మాన్యువల్ ఆధారం. 2013లో దాన్ని మూడు భాగాలుగా కొత్తగా తెచ్చారు: ఇంజనీరింగ్ ఒకటి, నిర్వహణ ఒకటి, యాజమాన్యం ఒకటి. దాని ప్రకారం భూగర్భ డ్రైనేజీ ఉన్న పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు అందాలి. అందులో 80 శాతం, అంటే 108 లీటర్లు, మురుగుగా తిరిగి పైపులోకి వస్తుందని లెక్క. ముప్పై ఏళ్ల తర్వాతి జనాభాను దృష్టిలో పెట్టుకుని పైపు సైజు తేలుస్తారు.

పైపును వాలుగా వేస్తారు. మురుగు దానంతటదే పారాలి. అది ఎంత వేగంతో పారాలన్నది ముఖ్యం. మెల్లగా పారితే ఇసుక, బురద, మలం అడుగున కూర్చుంటాయి. కూర్చోకుండా కొట్టుకుపోయేంత వేగాన్ని ‘స్వయంశుద్ధి వేగం’ అంటారు. ప్రస్తుత జనాభాతో రోజులో ఎక్కువ పారే వేళ సెకనుకు కనీసం 0.6 మీటర్లు, డిజైన్ కాలం చివర్లో 0.8 మీటర్లు ఉండాలి. ఈ వేగం ఉంటే పైపు తనను తాను కడుక్కుంటుంది. లేకపోతే ఇంకెవరో కడగాలి.

ఇప్పుడు మీ ఊరి సంగతి ఆలోచించండి. 135 లీటర్లు నిజంగా అందుతున్నాయా? రోజు విడిచి రోజు, గంటసేపు నల్లా వచ్చే పట్టణంలో మనిషికి 70 లీటర్లే అందాయనుకుందాం. పైపులోకి వచ్చేది 56 లీటర్లు. కాగితం మీద అనుకున్నదానిలో సుమారు సగం. పైపు మాత్రం ముప్పై ఏళ్ల తర్వాతి జనాభాకు సరిపోయేంత పెద్దది. అందులో ఈ కొద్ది నీళ్లు పల్చగా, మెల్లగా జారతాయి. పూడిక పేరుకుంటుంది. లైన్ మొదలయ్యే చివరి వీధుల్లో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే అక్కడ పైపులోకి చేరే ఇళ్లే తక్కువ. నల్లా ఒత్తిడి సరిగా అందనిదీ, మూడు చక్రాల బండి కూడా పట్టని సందులున్నదీ తరచూ ఆ చివరి వీధుల్లోనే. మా వాడలు ఎక్కువగా అటే ఉంటాయని మీకు చెప్పనక్కర్లేదు.

చిన్న వీధి పైపు వ్యాసం 150 లేదా 200 మిల్లీమీటర్లే. దానిలోకి మనిషి పోలేడు. ఆయన దిగేది మ్యాన్‌హోల్ గొయ్యిలోకి. అక్కడ నిలబడి, పేరుకున్నది బకెట్‌తో ఎత్తి, వెదురు బద్దతోనో ఇనుప రాడ్డుతోనో పైపులోకి పొడుస్తాడు. మనుషులతో శుభ్రం చేయించాల్సిన చిన్న లైన్లలో సుమారు ముప్పై మీటర్లకొక మ్యాన్‌హోల్ ఉంటుంది. బద్ద అందే దూరం అంత. ఆ దూరం కూడా ఆయన చేతి పొడవును బట్టి వచ్చిందే.

అంటే నీటి సరఫరా అంచనా ఒక పేజీలో తప్పితే, ఆ తప్పును సరిదిద్దే పని ఇరవై పేజీల తర్వాత ఎక్కడా రాయని ఒక మనిషి ఒంటి మీద పడుతుంది. ఇంజనీరింగ్ లోపాన్ని కుల వ్యవస్థ ఉచితంగా పూడ్చిపెడుతుంది. కాబట్టే ఆ లోపం ఖర్చుగా కనబడదు.

పైపును తినే గ్యాసే ఊపిరినీ తింటుంది

నిలిచిన మురుగులో గాలి అందక హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ పుడతాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కన్నా బరువు, అందుకే అడుగున నిలుస్తుంది. తక్కువగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్డు వాసన. పది లక్షల భాగాల గాలిలో వంద భాగాలు దాటేసరికి ముక్కు మొద్దుబారిపోతుంది. వాసన తగ్గింది కదా అని మనిషి ఇంకో మెట్టు దిగుతాడు. ఇంకా పెరిగితే కొద్ది శ్వాసల్లోనే కుప్పకూలుతాడు. పైనున్నవాడు తన తోటివాణ్ని లాగబోయి తనూ పడతాడు. ఒకే మ్యాన్‌హోల్‌లో ఇద్దరు, ముగ్గురు పోయిన వార్తల వెనుక తరచూ ఉండేది ఇదే.

ఈ గ్యాస్ గురించి ఇంజనీర్లకు తెలియక కాదు. పైపు పైకప్పు తడి మీద అది చేరి, బ్యాక్టీరియా వల్ల సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారి కాంక్రీటును తినేస్తుంది. దానికి తట్టుకునే సిమెంటు వాడాలని, లోపల పూత వేయాలని, గాలి పోయే ఏర్పాటు ఉండాలని మాన్యువళ్లు చెబుతాయి. పైపు ఆయుష్షు తగ్గితే జీవితకాల వ్యయం పెరుగుతుంది, రేటు పట్టికలో తేడా వస్తుంది. అందువల్ల పైపుకు పూత ఖర్చు నివేదికలో ఉంటుంది. అదే గ్యాస్‌ను కొలిచే చిన్న మీటరు, గాలి ఊదే బ్లోయర్, లాగడానికి ట్రైపాడ్ ఖర్చు ఉందో లేదో వెతకండి. సుస్థిరత అంచనా మీద మాకున్న ప్రధాన అభ్యంతరం ఈ ఒక్క తేడాలోనే ఉంది.

దిగేది ఎవరు

కేంద్ర ప్రభుత్వం 2023-24లో మొదలుపెట్టిన నమస్తే పథకం కింద మురుగు, సెప్టిక్ ట్యాంకు కార్మికుల వివరాలు సేకరిస్తున్నారు. 2024 నాటికి నమోదైన సుమారు 38 వేల మందిలో దాదాపు 92 శాతం ఎస్సీ, ఎస్టీ, బీసీలే. ఎస్సీలే 69 శాతం దగ్గర. ప్రభుత్వం పార్లమెంటులో చెప్పిన లెక్క ప్రకారమే 2019 నుంచి 2023 దాకా మురుగు కాల్వలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేస్తూ చనిపోయినవారు 377 మంది. 2022, 2023 నాటి మరణాల్లో 54 కేసులపై సామాజిక తనిఖీ చేయిస్తే 49 కేసుల్లో ఒంటి మీద ఏ రక్షణ సామగ్రీ లేదని తేలింది. 38 మందిని ఎవరో ఒకరు విడిగా మాట్లాడుకుని దించారు.

2021లో ఇదే పార్లమెంటులో పాకీ పని వల్ల చావులేవీ నమోదు కాలేదని మంత్రి జవాబిచ్చారు. అది అబద్ధం అనడం తేలిక. దాని వెనుక ఉన్న చట్టపు మెలికను తెలుసుకోవడం ఎక్కువ అవసరం. 2013 చట్టంలో ‘పాకీ పని’ వేరు, ‘ప్రమాదకర శుభ్రత’ వేరు. మ్యాన్‌హోల్ చావులను రెండో దానిలో వేస్తారు. పైగా ప్రమాదకర శుభ్రత అంటే రక్షణ సామగ్రి ఇవ్వకుండా చేయించడం అని నిర్వచనం. చేతికి గ్లవ్స్ తొడిగితే నేరం కాదనే వాదనకు తలుపు అక్కడే తెరిచి ఉంది.

అయినా ఆ చట్టంలో మనకు పనికొచ్చే సెక్షన్ ఒకటుంది. ఏడో సెక్షన్ నిషేధం గురించి అందరికీ తెలుసు. మొదటిసారి ఉల్లంఘిస్తే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా అనే తొమ్మిదో సెక్షన్ కూడా కొంతమందికి తెలుసు. ఎవరూ పెద్దగా వాడనిది 33వ సెక్షన్. మురుగు కాల్వలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేయడానికి తగిన యంత్ర సాధనాలు వాడడం స్థానిక సంస్థల విధి అని అది చెబుతుంది. చనిపోయాక వాడే సెక్షన్ కాదిది, డిజైన్ దశలో వాడాల్సింది. యంత్రం పట్టని సందులో, యంత్రానికి డబ్బు కేటాయించకుండా లైన్ వేస్తున్నారంటే ఆ విధిని నివేదికలోనే పక్కన పెట్టారని అర్థం.

ఈ చట్టం వెనుక తెలుగు నేల మీద జరిగిన పెద్ద పోరాటం ఉంది. కోలార్ బంగారు గనుల్లోని తెలుగు సఫాయి కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్, పాల్ దివాకర్ కలిసి 1990ల్లో సఫాయి కర్మచారి ఆందోళన్‌ను నిలబెట్టారు. 2003లో ఆ సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2014 మార్చి 27న తీర్పు వచ్చింది: 1993 నుంచి మురుగులో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి పది లక్షలు ఇవ్వాలి, అత్యవసరమని చెప్పి కూడా రక్షణ లేకుండా దించడం నేరం. 2023 అక్టోబరు 20న బల్‌రాం సింగ్ కేసులో ఆ మొత్తాన్ని ముప్పై లక్షలకు పెంచారు. 2025 జనవరిలో హైదరాబాద్ సహా ఆరు మహానగరాల్లో మనుషులను దించడం ఆపాలని కోర్టు ఆదేశించింది.

ముప్పై లక్షలు అనే అంకెను జీవితకాల వ్యయంలోకి తెచ్చి చూడండి. ఏ ప్రాజెక్టు నివేదికా ఆ సొమ్మును ముందుగా రాసుకోదు. రాసుకుంటే, కొన్ని మరణాలు జరుగుతాయని ఒప్పుకున్నట్టే. రాసుకోకపోతే యంత్రం కన్నా మనిషే చవకగా కనిపిస్తాడు. ఈ చిక్కుముడి విప్పడానికి దారి ఒక్కటే: దిగే అవసరమే రాకుండా డిజైన్ చేసి, దానికి అయ్యే ఖర్చును మొదటే వేయడం.

బహిరంగ విచారణ ఎందుకు జరగదు

పెద్ద రోడ్డుకో, గనికో, డ్యామ్‌కో పర్యావరణ అనుమతి దశలో ప్రజాభిప్రాయ సేకరణ ఉంటుంది. అక్కడికి వెళ్లి మాట్లాడిన అనుభవం మనలో చాలామందికి ఉంది. మురుగు పైపులైన్లు 2006 నోటిఫికేషన్ జాబితాలో లేవు. భూసేకరణ చట్టం ప్రకారం సామాజిక ప్రభావ అంచనా జరగాలంటే భూమి సేకరించాలి, పైపులు పోయేది సర్కారు రోడ్డు కింద. కాబట్టి ఆ తలుపూ మూసే ఉంటుంది. కౌన్సిల్ తీర్మానం, సాంకేతిక ఆమోదం, టెండర్, పని మొదలు. ఊళ్లో ఎవరినీ అడగాల్సిన పని లేదు.

బయటి రుణంతో జరిగే ప్రాజెక్టుల్లో కొంత వీలు ఉంటుంది. ప్రపంచ బ్యాంకు 2018 నుంచి అమలు చేస్తున్న చట్రంలో కార్మికుల పని పరిస్థితులకు ప్రత్యేక ప్రమాణం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో చిన్న పట్టణాల నీటి సరఫరా, సెప్టేజీ పనులకు ఆసియా మౌలిక వసతుల పెట్టుబడి బ్యాంకు అప్పు ఇచ్చింది. ఇలాంటి బ్యాంకులు పర్యావరణ, సామాజిక పత్రాలను బయటపెట్టాలి, ఫిర్యాదుల వ్యవస్థ ఉంచాలి. ఇంగ్లిషులో వందల పేజీలుంటాయి గనుక మనవాళ్లు చదవరనే ధీమా కూడా ఉంటుంది. చదవగలిగిన విద్యార్థులు ఈ పని మీద వేసుకోవాలి.

యంత్రం వస్తే అయిపోయినట్టేనా

2017లో హైదరాబాద్ జలమండలి, దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీతో కలిసి 70 మినీ జెట్టింగ్ యంత్రాలను రంగంలోకి దించింది. చిన్న లారీ మీద కూర్చునే ఈ యంత్రం పెద్ద లారీ పట్టని వీధుల్లోకి పోతుంది, ఒత్తిడితో నీళ్లు కొట్టి పూడికను కదిలిస్తుంది. తర్వాత ఢిల్లీ కూడా ఇలాంటి ఏర్పాటు చేసుకుంది. కేరళ యువ ఇంజనీర్లు 2018లో బ్యాండికూట్ అనే రోబోను తెచ్చారు. 2023 కేంద్ర బడ్జెట్ ‘మ్యాన్‌హోల్ నుంచి మెషీన్‌హోల్‌కు’ అనే మాట వాడింది.

ఇవి మంచి అడుగులే అని మేం అనుకుంటాం. మురుగులో దిగిన కులాల పిల్లలు యంత్రాల యజమానులు కావడం చిన్న మార్పు కాదు. అయితే సాహెబ్‌నగర్ ఘటన ఈ యంత్రాలు వచ్చిన నాలుగేళ్లకు జరిగిందని కూడా గుర్తుంచుకోవాలి. యంత్రాలు ఉన్న నగరంలోనే మనిషి ఎందుకు దిగాడన్న ప్రశ్నకు జవాబు యంత్రంలో దొరకదు. ఆ ప్రాంతానికి ఎన్ని యంత్రాలు, రాత్రి షిఫ్టు ఉందా, పూడిక తీసే పనిని మీటర్ల లెక్కన విడి కాంట్రాక్టుకు ఇచ్చారా, ఆ రేటులో యంత్రం అద్దె కలిపారా, ఇవన్నీ అడగాలి. మీటరుకు ఇంత అని రేటు కట్టి, యంత్రం తెచ్చుకోవడం నీ ఇష్టం అంటే కాంట్రాక్టర్ ఏం తెస్తాడో మనకు తెలుసు.

జెట్టింగ్ పూడికను కదిలిస్తుంది కానీ దాన్ని పైకి ఎత్తడానికి పీల్చే యంత్రం లేదా గ్రాబ్ బకెట్ కావాలి. రెండోది లేకపోతే కదిలిన పూడికను ఎత్తేది మళ్లీ మనిషే. ‘యంత్రాలు కొన్నాం’ అన్న జవాబు విన్నప్పుడు ఏ రకం, ఎన్ని అని అడగడం మరిచిపోవద్దు.

పల్లెల సంగతి వేరే వ్యాసం అవుతుంది. రెండు మాటలు మాత్రం చెప్పాలి. స్వచ్ఛ భారత్‌లో సిఫారసు చేసిన జంట గుంతల మరుగుదొడ్డి డిజైన్‌గా చూస్తే చాలా సుస్థిరమైనది. ఒక గుంత నిండితే రెండోదానికి మార్చి, మొదటిది ఏడాదికి పైగా వదిలేస్తే అది ఎరువవుతుంది, ఎవరైనా ఎత్తుకోవచ్చు. ‘ఎవరైనా’ అనే మాట దగ్గరే అది ఆగిపోయింది. తన గుంత తాను ఎత్తుకోవడం మైల అనుకునే చోట జనం పెద్ద సెప్టిక్ ట్యాంకులు కట్టుకున్నారు. అవి ఎప్పుడో ఒకప్పుడు నిండుతాయి.

డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది

2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టంలో, విడదీయడానికి వీల్లేని మౌలిక వసతుల పనుల ఖర్చులో కొంత భాగాన్ని ఉప ప్రణాళిక ఖర్చుగా చూపే వీలు ఉంది. అప్పటి నుంచి హక్కుల సంఘాలు దీన్ని విమర్శిస్తూనే ఉన్నాయి. రోడ్డు, డ్రైనేజీ అందరిదీ కాబట్టి ఎస్సీల వాటా ఇంత అని రాసేస్తే ఖాతా నిండుతుంది, వాడకు పైపు వచ్చిందో లేదో వేరే సంగతి. మీ పట్టణ ప్రాజెక్టు ఖర్చులో ఉప ప్రణాళిక కింద చూపింది ఎంతో అడగండి. అడిగిన చోటే రెండో ప్రశ్న కూడా వేయండి: ఆ లైన్లను శుభ్రం చేసేవాళ్లలో ఎస్సీలు ఎందరు, వాళ్ల మీద పెట్టింది ఎంత?

నదీ లోయల ప్రాజెక్టులకు పునాది వేసిన తొలి విధానకర్తల్లో డాక్టర్ అంబేద్కర్ ఒకరని మనం గర్వంగా చెప్పుకుంటాం. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూస్తూ ఆయన దామోదర్ లోయ పథకాన్ని ముందుకు నడిపారు. నీటిపారుదల, విద్యుత్తు, కార్మికులు ముగ్గురూ ఒకే శాఖలో, ఒకే బల్ల మీద ఉన్న కాలం అది. ఇప్పుడు కట్టే విభాగం వేరు, నడిపే విభాగం వేరు, కార్మికులు ఏ విభాగంలోనూ ఉండరు.

నివేదిక చేతికొస్తే ఏం చూడాలి

సమాచార హక్కు దరఖాస్తుకు మన రెండు రాష్ట్రాల్లో గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆపైన పది. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. డీపీఆర్ మొత్తం కాపీ అడిగితే పేజీల ఖర్చు చెప్పి బెదరగొడతారు. రికార్డు పరిశీలనకు అనుమతి అడగండి, వెళ్లి కూర్చుని చూసి కావలసిన పేజీలే తీసుకోండి.

ముందుగా నీటి లెక్క తీయండి. మనిషికి ఎన్ని లీటర్లు అనుకున్నారో చూసి, గత వేసవిలో నిజంగా ఎంత సరఫరా అయిందో అదే మున్సిపాలిటీ నీటి విభాగం నుంచి తెచ్చి పక్కన పెట్టండి. ఈ రెండంకెల మధ్య తేడా ఎంతుంటే దిగే మనిషి అవసరం అంత ఉంటుంది. మిగతావి వదిలేసినా దీన్ని వదలొద్దు. తర్వాత మ్యాప్‌లో లైన్ల మొదళ్లు ఏ వీధుల్లో ఉన్నాయో, మన వాడకు కనెక్షన్ మొదటి దశలో ఉందా, ‘తర్వాతి దశ’లో ఉందా చూడండి. ఆ వీధుల వెడల్పు టేపు పట్టి కొలవండి, యంత్రం పడుతుందో లేదో మీకే తెలుస్తుంది. శుద్ధి కేంద్రం, పంపింగ్ స్టేషన్ ఎవరి ఇళ్ల పక్కన పెట్టారో కూడా అదే మ్యాప్ చెబుతుంది.

నిర్వహణ అంచనాలో శుద్ధి కేంద్రం నిర్వహణ, పైపుల నిర్వహణ విడివిడిగా రాశారా అన్నది మరో సంగతి. శుద్ధి కేంద్రానికి పది, పదిహేనేళ్ల నిర్వహణ ఒప్పందంలోనే ఉంటుంది, మీటర్లు, ప్రమాణాలు ఉంటాయి. పైపులు మున్సిపాలిటీ నెత్తిన మిగులుతాయి. మనుషులు చనిపోయేది ఎక్కువగా ఈ రెండో భాగంలో. అక్కడ జెట్టింగ్, పీల్చే యంత్రాల కొనుగోలు, డీజిల్, డ్రైవర్, గ్యాస్ మీటరు, పర్మనెంట్ సిబ్బంది జీతాలు లేకపోతే ఆ నివేదికకు సుస్థిరం అనే మాట వాడే అర్హత లేదని రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి, 33వ సెక్షన్ పేరు రాసి.

ఒక పట్టణంలో మేం ఇలాగే రికార్డు చూడడానికి వెళ్లాం. నీటి లెక్క, వాలు లెక్క అన్నీ ఓపిగ్గా చూపించారు ఇంజనీరు గారు. లైన్ జామ్ అయితే ఎవరు వస్తారు సార్ అని అడిగాం. ‘అది శానిటేషన్ సెక్షన్ వాళ్లు చూసుకుంటారండీ’ అన్నారు. శానిటేషన్ సెక్షన్‌కు పోయాం. వాళ్ల దగ్గర లైన్ల మ్యాప్ లేదు, ఏ వీధి ఎన్నిసార్లు జామ్ అయిందో రిజిస్టర్ లేదు. ఒక ఫోన్ నంబరు ఉంది. గోడ మీద పెన్సిల్‌తో రాసి ఉంది, పేరు లేకుండా. ఆ నంబరుకు ఫోన్ చేస్తే మనిషి వస్తాడట. ఆయనకు ఏ హోదా, ఏ జీతం అని అడిగితే, పనికి ఇంత ఇస్తామన్నారు. ఆయన వచ్చే వేళకు మేమూ ఆ వీధికి వెళ్లాం. చేతిలో వెదురు బద్ద, తాడు, బకెట్. మూత ఎత్తి కాసేపు పక్కకు జరిగి నిలబడ్డాడు, గ్యాస్ పోవాలని. ఎన్ని నిమిషాలు ఆగాలన్నా అని అడిగాం.

‘మా నాయన చెప్పిన లెక్క’ అన్నాడు.